వేటగాళ్ల సంఘాలు: పత్రిక, ప్రదర్శన, సభ్యుడి నమ్మకం

అమెరికాలో వేట చట్టం ఒప్పుకున్న వ్యాపకం. లైసెన్సు కొనుక్కోవాలి, సీజన్‌లోనే వెళ్లాలి, ఎన్ని జంతువులకు అనుమతి ఉంటే అన్నింటినే కొట్టాలి. ఏటా కోటి మందికి పైగా వేటకు వెళ్లే ఆ దేశంలో వాళ్లను కూడగట్టే సంఘాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. కాస్త పేరున్న ప్రతి సంఘానికీ ఒక పత్రిక, ఏడాదికోసారి ఒక పెద్ద ప్రదర్శన, ఈమధ్య కాలంలో ఒక టీవీ కార్యక్రమం ఉండటం మామూలైపోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమైపోయిన మన దేశంలో ఈ వ్యవస్థ గురించి తెలిసింది తక్కువ. తెలిసినా తుపాకుల లాబీ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. కానీ ఈ సంఘాలను లోతుగా, ఓపిగ్గా విమర్శించినవాళ్లలో వేట వ్యతిరేకుల కన్నా చందా కట్టిన సభ్యులే ముందుంటారు. వాళ్ల అభిప్రాయం ఎప్పుడు, ఎందుకు మారుతూ వచ్చిందో పరిశీలిస్తే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. సంఘం అడవిలో చేసే పనిని సభ్యుడు రోజూ వెళ్లి చూడలేడు. అతని ఇంటికి వచ్చేది పత్రిక, అతని కంటికి కనిపించేది ప్రదర్శన. అందులో సంఘం ఎవరిని గొప్పవాడిగా నిలబెడుతోంది, ఆ పుటకు డబ్బు ఎవరు కడుతున్నారు అన్న రెండు ప్రశ్నలకు దొరికిన జవాబును బట్టే అతని నమ్మకం పెరిగింది, తరిగింది.

ఈ కథ పత్రికతోనే మొదలవుతుంది. జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ అనే వారపత్రికకు సంపాదకుడు. 1885లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ రాసిన వేట పుస్తకాన్ని సమీక్షిస్తూ, రచయితకు పశ్చిమ ప్రాంతపు అనుభవం చాలదని చురక వేశాడు. రూజ్‌వెల్ట్ తగవుకని పత్రిక కార్యాలయానికి వెళ్లి స్నేహితుడై తిరిగొచ్చాడు. ఆ స్నేహంలోంచే 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పుట్టింది. అది వంద మందికి మించని సంపన్నుల క్లబ్; అందులో చేరాలంటే కనీసం మూడు జాతుల పెద్ద జంతువులను వేటాడి ఉండాలి. అయినా దాని పలుకుబడి సభ్యుల సంఖ్యను బట్టి వచ్చింది కాదు. 1894 మార్చిలో ఎల్లోస్టోన్ పార్కులో ఎడ్గర్ హొవెల్ అనే దొంగ వేటగాడు అడవిదున్నల చర్మం ఒలుస్తూ సైనికులకు దొరికిపోయాడు. అప్పటికి పార్కులో వేటాడితే శిక్ష వేసే చట్టమే లేదు. పార్కు బయటికి పంపించడం ఒక్కటే అధికారుల చేతిలో ఉన్న పని. ఆ సమయానికి ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ విలేఖరి ఎమర్సన్ హఫ్ పార్కులోనే ఉన్నాడు. అతని కథనాలను, చచ్చిన దున్నల ఫొటోలను పత్రిక దేశం ముందు పెట్టింది. రెండు నెలలు తిరగకుండానే, మే నెలలో, పార్కు జంతువులకు రక్షణ కల్పించే చట్టం వచ్చింది. వేటగాళ్ల పత్రిక వేటగాళ్లలోని నేరస్థుణ్ణి బయటపెట్టి, వేటకు హద్దు గీయించింది. తర్వాతి తరాలు ఏ సంఘ పత్రికను కొలవాలన్నా ఎదురుగా పెట్టుకున్న గీటురాయి ఇదే.

కొలత అంటే వేటగాళ్ల లోకంలో అసలైన కొలతే. బూన్ అండ్ క్రాకెట్ పద్ధతిలో జంతువును కొట్టిన వెంటనే కొమ్ములను కొలవరు. 60 రోజులు గాలికి ఆరనివ్వాలి; ఆరితే కుంచించుకుపోతాయి కనుక తడి మీద కొలిచిన కొమ్ముకు లేని గొప్ప వస్తుంది. ఆ తర్వాత పావు అంగుళం వెడల్పున్న ఉక్కు టేపుతో, శిక్షణ పొందిన కొలతదారు, అంగుళంలో ఎనిమిదో వంతు వరకు లెక్కగడతాడు. 1950 నుంచి అమల్లో ఉన్న ఈ పద్ధతిలో కంచెలోపల పెంచి కొట్టిన జంతువుకు చోటు లేదు. ఈ పట్టికల వెనుక ఉన్న ఉద్దేశం కూడా జంతువు గురించే: పెద్ద వయసుకు ఎదిగిన మగ జంతువులు ఎక్కడ ఉన్నాయో తెలిస్తే, అక్కడి అడవి బాగున్నట్టు లెక్క. 1971లో సి.జె. మెకెల్రాయ్ చొరవతో మొదలైన సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ కూడా రికార్డుల పుస్తకం పెట్టుకుంది. కానీ కంచెల వేటకు అందులో ప్రత్యేక విభాగం ఇచ్చింది, మనిషి ఎన్ని జాతులు పూర్తి చేశాడన్నదాన్ని బట్టి పురస్కారాలు ఏర్పాటు చేసింది. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న అయిదూ కొట్టినవారికి ఒక బహుమతి, ఖండాల వారీగా మరికొన్ని. మొదటి పుస్తకంలో నమోదయ్యేది జంతువు, రెండోదాంట్లో నమోదయ్యేది వేటగాడి ప్రయాణ ఖర్చు. ఇది కాస్త కటువైన మాటే కావచ్చు గాని, అమెరికా వేటగాళ్లలో చాలామంది రెండో పుస్తకాన్ని చూసి అనుకున్నది దాదాపు ఇదే. ‘సఫారీ’ పత్రికలో ఆఫ్రికా వేట కంపెనీల ప్రకటనలు, చాలాకాలం రీనోలోనో లాస్ వేగాస్‌లోనో జరిగిన వార్షిక సమావేశంలో ఖరీదైన వేటయాత్రల వేలాలు చూసిన మామూలు జింకల వేటగాడికి, అది తన సంఘం అనిపించే వీలు మొదటినుంచీ తక్కువే.

ఎన్‌ఆర్‌ఏ అని పిలిచే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ దారి వేరు. 1871లో సైనికులకు గురి నేర్పడానికి పుట్టిన ఆ సంఘం, వేటగాళ్ల కోసం 1973లో ‘అమెరికన్ హంటర్’ అనే ప్రత్యేక పత్రిక మొదలుపెట్టింది. అప్పటి నాయకులు రాజధాని రాజకీయాల నుంచి తప్పుకుని, ప్రధాన కార్యాలయాన్ని కొలరాడో స్ప్రింగ్స్‌కు మార్చి, వేట, శిక్షణ, ఆరుబయటి క్రీడల మీద దృష్టి పెట్టాలనుకున్నారు. 1977 మేలో సిన్సినాటి మహాసభలో సభ్యులు తిరగబడ్డారు. వేటలో ఒకరినొకరు పొరపాటున కాల్చుకోకుండా పెట్టుకునే నారింజరంగు టోపీలు తలకు పెట్టుకుని, వాకీటాకీల్లో మాట్లాడుకుంటూ, తెల్లవారుజాము దాకా సభను సాగదీసి, పాత నాయకత్వాన్ని దించి హార్లన్ కార్టర్ వర్గాన్ని కూర్చోబెట్టారు. టోపీ వేటగాడిది, ఎజెండా తుపాకీ హక్కులది. ఆ రాత్రి తర్వాత ఎన్‌ఆర్‌ఏలో వేట ఒక విభాగంగా మిగిలింది. వేటగాళ్లలో ఒక భాగం దీన్ని సంతోషంగానే ఒప్పుకుంది. మరో భాగం తమ పేరు వాడుకుంటున్నారని అప్పటినుంచీ గొణుగుతూనే ఉంది. ప్రదర్శనల రంగంలోనూ ఇదే జరిగింది. పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్‌లో ఏటా జరిగే వేట, చేపలవేట ప్రదర్శన 2013లో ఆగిపోయింది. అంతకు ముందు నెలలో ఒక బడిలో జరిగిన కాల్పుల దరిమిలా, సైనిక తరహా రైఫిళ్లను ప్రదర్శించవద్దని నిర్వాహకులు అనడంతో దుకాణదారులు వరసపెట్టి తప్పుకున్నారు. 2014 నుంచి అదే చోట, అదే ఫిబ్రవరిలో, గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్ షో పేరుతో ఎన్‌ఆర్‌ఏ దాన్ని నడుపుతోంది. ఎర కొనడానికి పిల్లలతో వెళ్లే కుటుంబానికి మారింది పైన కట్టిన బ్యానరే. ఆ బ్యానరు చూసి మురిసినవాళ్లూ ఉన్నారు, మొహం చిట్లించినవాళ్లూ ఉన్నారు.

వీటన్నిటికన్నా నిశితంగా చూడదగ్గది రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్. ఎల్క్ అంటే మన కణుజు కన్నా భారీగా ఉండే కొమ్ముల దుప్పి. 1984లో మోంటానా రాష్ట్రంలోని ట్రాయ్ అనే చిన్న ఊళ్లో నలుగురు కలిశారు. ఒకరు పాస్టరు, ఒకరు భూముల క్రయవిక్రయాలు చేసేవాడు, ఒకరు కలప కొట్టేవాడు, ఒకరు చిన్న తిండి కొట్టు యజమాని. అప్పు చేసి 43,000 కరపత్రాలు పోస్టు చేస్తే చేరిన సభ్యులు 233 మంది. చేతిలో మిగిలింది బిల్లులు. ఇంకెవరైనా అక్కడితో ఆపేసేవారు. వాళ్లు రెండు నెలల్లో ‘బ్యూగల్’ అనే పత్రిక మొదటి సంచికను 32,000 ప్రతులు అచ్చేసి, ఎల్క్‌లు తిరిగే రాష్ట్రాల్లోని కిరాణా దుకాణాల్లో పెట్టించారు. అంటే ఈ సంఘాన్ని నిలబెట్టింది అక్షరాలా పత్రికే. అందులో వేట కథలతో పాటు ఎల్క్ జీవశాస్త్రం, గడ్డిభూముల చరిత్ర, సభ్యులు రాసిన వ్యాసాలు ఉండేవి. దెబ్బ తగిలిన జంతువు పొరుగువాడి భూమిలోకి పోతే ఏంచేయాలి లాంటి ధర్మసందేహాలను పాఠకుల ముందు పెట్టి, వాళ్ల జవాబులను అచ్చువేసే శీర్షిక కూడా నడిచింది. సభ్యుడు ఆ పత్రికలో తన ముఖం చూసుకోగలిగాడు. ఫలితం నేలమీద కనిపించింది. సంఘం లెక్కల ప్రకారం ఇప్పటిదాకా 80 లక్షల ఎకరాలకు పైగా ఆవాసాన్ని కాపాడటమో, బాగుచేయడమో జరిగింది. 1997 నుంచి 2002 వరకు పశ్చిమ రాష్ట్రాల నుంచి కెంటకీకి 1,500కు పైగా ఎల్క్‌లను తరలించడంలో ఈ సంఘం సొమ్ము పెద్ద ఆసరా. బొగ్గు తవ్వి వదిలేసిన కొండల మీద ఈరోజు తిరుగుతున్న మంద వాటి సంతానమే.

ఈ డబ్బు ఎలా వస్తుందో తెలిస్తే తర్వాతి గొడవలు అర్థమవుతాయి. ఊరూరా ఉన్న శాఖలు ఏడాదికోసారి విందు పెడతాయి. టిక్కెట్టు కొని లోపలికి వెళితే భోజనం, ఒక పక్క లాటరీ టిక్కెట్లు, ఇంకో పక్క బల్లలమీద రైఫిళ్లు, కత్తులు, బొమ్మలు, భోజనాలయ్యాక వేలం. పోస్టాఫీసు గుమస్తా అయిదు డాలర్ల లాటరీ టిక్కెట్టు కొంటాడు, పశువుల క్షేత్రం యజమాని వేలంలో కొన్ని వేలు పెడతాడు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటారు. సంఘం పెరిగేకొద్దీ రెండోవాడి సొమ్ము బరువు పెరుగుతుంది. కొన్ని రాష్ట్రాలు గవర్నర్ పర్మిట్ పేరుతో ఒకటి రెండు వేట అనుమతులను వేలానికి ఇస్తాయి. వాటికి లక్షల డాలర్లు పలికిన సందర్భాలున్నాయి. 2014 జనవరిలో డల్లాస్ సఫారీ క్లబ్ నమీబియాలో ఒక నల్ల ఖడ్గమృగాన్ని వేటాడే అనుమతిని 3,50,000 డాలర్లకు వేలం వేసింది. ఆ సొమ్ము సంరక్షణకే వెళ్లిందని క్లబ్ చెప్పింది. లోకం తిట్టింది సరే, చాలామంది వేటగాళ్లకు మింగుడుపడనిది మరొకటి: ఏళ్ల తరబడి వేట అనుమతుల లాటరీలో పేరు తగలక ఎదురుచూసే తమకు, డబ్బుతో క్యూ దాటి వెళ్లే మరొక తలుపు ఉందని ఆ వేదిక బాహాటంగా చాటడం.

టీవీ వచ్చాక సంఘానికీ మామూలు వేటగాడికీ మధ్య దూరం మరింత పెరిగింది. ఏబీసీలో 1965 నుంచి రెండు దశాబ్దాలు సాగిన ‘ది అమెరికన్ స్పోర్ట్స్‌మన్’లో సినిమా తారలు, క్రీడాకారులు వేటకు వెళ్లేవారు; అది వినోదమని అందరికీ తెలుసు. 1990ల నుంచి వేటకే ప్రత్యేకమైన కేబుల్ చానళ్లు వచ్చాయి. అరగంట నిడివిలో ప్రకటనలు పోను మిగిలిన ఇరవై చిల్లర నిమిషాల్లో జంతువు కనబడాలి, పడాలి, కొమ్ములు పట్టుకుని నవ్వాలి. టోపీ మీద ఒక కంపెనీ, విల్లు మీద ఒక కంపెనీ. వేట జరిగే చోటు తరచూ రుసుము కట్టి వెళ్లే ప్రైవేటు భూమి. కొలరాడోలో ఎల్క్ వేటకు వెళ్లేవారిలో సాధారణంగా అయిదుగురిలో నలుగురు ఖాళీ చేతులతో తిరిగొస్తారు. తెరమీద మాత్రం ప్రతివారం ఒకటి పడుతుంది. ఎల్క్ ఫౌండేషన్‌కు అవుట్‌డోర్ చానల్‌లో ‘టీమ్ ఎల్క్’ ఉండేది, ఎన్‌ఆర్‌ఏ సొమ్ముతో ‘అండర్ వైల్డ్ స్కైస్’ నడిచింది. ఈ రెండోదాని కోసం 2013లో బోత్స్వానాలో తీసి, ప్రసారం చేయకుండా దాచిన ఒక దృశ్యం 2021లో బయటపడింది. అప్పటి ఎన్‌ఆర్‌ఏ అధినేత వెయిన్ లాపియర్ ఒక ఏనుగును కాల్చి కూలగొట్టాడు, అది చావలేదు, దగ్గరికెళ్లి మళ్లీ మళ్లీ కాల్చినా గురి సరిగా కుదరక, చివరికి ఇంకొకరు ముగించాల్సి వచ్చింది. జంతువును బాధపెట్టకుండా ఒక్క దెబ్బతో పడగొట్టాలని ప్రతి వేట శిక్షణ తరగతిలోనూ చెబుతారు. ఆ తరగతుల్లో పిల్లలకు పాఠం చెప్పే స్వచ్ఛంద శిక్షకులకు ఈ దృశ్యం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ జ్యూరీ, సంఘం సొమ్మును దుర్వినియోగం చేసినందుకు అదే లాపియర్ 43.5 లక్షల డాలర్లు తిరిగి కట్టాలని తేల్చింది. తెరమీది ఆడంబరం మీద సభ్యుడికి ముందునుంచీ ఉన్న అనుమానం, ఖాతా పుస్తకాల్లో రుజువైంది.

అయితే పత్రికకూ దాతకూ మధ్య సూటి పోటీ వచ్చినప్పుడు ఏమవుతుందో చూపించింది డక్స్ అన్‌లిమిటెడ్ ఉదంతం. 1937లో బాతుల వేటగాళ్లు పెట్టుకున్న ఈ సంఘం చిత్తడినేలల రక్షణలో ప్రపంచంలోనే పెద్దది. దాని పత్రికలో ఇ. డానల్ థామస్ చాలా ఏళ్లుగా రాస్తున్నాడు. మోంటానాలో రూబీ నది ఒక సంపన్న భూస్వామి పొలాల గుండా పారుతుంది. ఆయన జేమ్స్ కాక్స్ కెనడీ, పెద్ద మీడియా సంస్థకు అప్పటి అధిపతి, డక్స్ అన్‌లిమిటెడ్‌కు పెద్ద దాత. వంతెనల దగ్గర నదిలోకి దిగే జనం హక్కు మీద సాగిన వ్యాజ్యంలో 2014లో రాష్ట్ర సుప్రీంకోర్టు జనం పక్షాన నిలిచింది. థామస్ 2015లో మరొక పత్రికలో, ఈ సంఘం ప్రసక్తి లేకుండానే, కెనడీ వైఖరిని విమర్శిస్తూ వ్యాసం రాశాడు. డక్స్ అన్‌లిమిటెడ్ అతన్ని తన పత్రిక నుంచి తీసేసింది. ఎంతో చేసిన దాతను బహిరంగంగా దుయ్యబట్టినవాణ్ణి ఉంచుకోలేమన్నది సంఘం మాట. దాంతో అలిగి సభ్యత్వం వదులుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు చిత్తడినేలల మీద కోపం లేదు. ఆ భూస్వామి ఇచ్చిన డబ్బుతో బాతులు గూళ్లు కట్టుకున్న మాట నిజమని వాళ్లకూ తెలుసు. తమ పత్రికలో రాసేవాడు తమ పక్షాన ఒక మాటంటే ఉద్యోగం పోయే చోట, తాము సభ్యులా, కేవలం చందాదారులా అన్న అనుమానం వాళ్లది.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. భూమి కొనడానికి డబ్బు కావాలి. అది లాటరీ టిక్కెట్లతో రాదు. ధనికుడు, తుపాకుల కంపెనీ, వేట కంపెనీ ఇస్తేనే వస్తుంది. వాళ్లకు వేదికమీద కుర్చీ వేస్తే తప్పేమిటి? ఈ వాదనలో నిజం ఉంది. అమెరికాలో వన్యప్రాణి శాఖల ఖజానా నిండేదే లైసెన్సు రుసుముతోను, 1937 చట్టం కింద రైఫిళ్ల మీద, తూటాల మీద వేసే 11 శాతం పన్నుతోను. కొనుగోలుదారు, అమ్మకందారు లేకుండా అక్కడ సంరక్షణ లేదు. కానీ కుర్చీ వేయడం వేరు, నోరు మూయించడం వేరు. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో దాచకుండా, దాత ప్రయోజనానికి విరుద్ధమైన మాటకూ పత్రికలో చోటిచ్చిన సంఘాన్ని ఎవరూ నిలదీయరు. పైగా ఆ 11 శాతం పన్ను కట్టేది రెండు పెట్టెల తూటాలు కొనే మామూలు వేటగాడు కూడా. సంరక్షణకు సొమ్ము ఇచ్చేది పెద్దలే అన్న లెక్కలో అతని వాటా మాయమవుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. సభ్యుడి మాటే వేదం అయితే సంఘం గుంపు చేతిలో పడదా? 2007 ఫిబ్రవరిలో సీనియర్ వేట రచయిత జిమ్ జంబో, సైనిక తరహా రైఫిళ్లతో వేటాడటం తగదని, వాటిని ఉగ్రవాదుల ఆయుధాలతో పోలుస్తూ రాశాడు. కొద్దిరోజుల్లోనే ‘అవుట్‌డోర్ లైఫ్’లో ఆయన ఉద్యోగం, టీవీ కార్యక్రమం, కంపెనీల ఒప్పందాలు అన్నీ పోయాయి. ఆ దెబ్బ కొట్టింది ధనిక దాత కాదు, వేలమంది మామూలు తుపాకీ యజమానులు. 1977లో సిన్సినాటిలో టోపీలు పెట్టుకున్నవాళ్లూ సభ్యులే. ఎల్క్ ఫౌండేషన్‌లోనూ ఇలాంటిదే ఒకటి జరిగింది. 1995, 96లలో ఎల్లోస్టోన్‌లోను, ఇడాహోలోను మొత్తం 66 తోడేళ్లను వదిలిపెట్టాక, ఎల్లోస్టోన్ ఉత్తరపు ఎల్క్ మంద సుమారు 19,000 నుంచి రెండు దశాబ్దాల్లో నాలుగు వేల దరిదాపులకు పడిపోయింది. తోడేళ్లతో పాటు ఎలుగుబంట్లు, కరవు, వేట కూడా కారణాలని శాస్త్రజ్ఞులు చెప్పారు. చుట్టుపక్కల రాష్ట్రాల్లో మొత్తం ఎల్క్ సంఖ్య అంతగా కుంగలేదు కూడా. అయినా కారు పందేల మార్కెటింగ్ రంగం నుంచి వచ్చి సంఘం పగ్గాలు పట్టిన డేవిడ్ ఆలెన్, తోడేళ్లను తిరిగి తేవడాన్ని అడవిదున్నల వినాశనం తర్వాత అంతటి విపత్తు అన్నాడు. సభ్యుల్లో చాలామందికి అది తమ గుండెలోని మాట. ఈ వైఖరికి నిరసనగా 2012లో, ఎల్క్ శాస్త్రానికి ఆద్యుడైన ఓలాస్ మ్యూరీ కుటుంబం ఆయన పేరిట సంఘం ఇస్తున్న పురస్కారానికి పేరు వాడుకోవద్దని చెప్పేసింది. సంఘం పేరు ఉపసంహరణను ఒప్పుకుందే గాని వైఖరి మార్చుకోలేదు.

కనుక సభ్యుడు ఎప్పుడూ ఒప్పు, నాయకుడు ఎప్పుడూ తప్పు అనే లెక్క ఇక్కడ నడవదు. కానీ ఈ ఉదంతాలన్నిట్లోనూ దెబ్బతిన్నది ఒక్కటే: పత్రికలో అసమ్మతికి ఉండే చోటు. జంబో పొరబడ్డాడనుకుంటే జవాబు రాయొచ్చు. థామస్ వ్యాసం నచ్చకపోతే పక్కపుటలో ఖండించొచ్చు. తోడేళ్ల మీద శాస్త్రజ్ఞుడినీ, పశువుల కాపరినీ ఒకే సంచికలో పెట్టొచ్చు. ధర్మసందేహాల శీర్షిక నడిపిన ‘బ్యూగల్’కు ఆ విద్య కొత్తది కాదు. ఒత్తిడి పైనుంచి వచ్చినా కిందనుంచి వచ్చినా, వాదన ఆగి వెలి మొదలైన చోట, పత్రిక ప్రచారపత్రమైపోయింది. అలిగి వెళ్లిపోయినవాళ్లు కొందరే గదా, ఎల్క్ ఫౌండేషన్‌కు నేటికీ రెండు లక్షలకు పైగా సభ్యులున్నారు గదా అని మూడో అభ్యంతరం. సభ్యుల సంఖ్య నమ్మకానికి కొలత కాదు. విందులో టిక్కెట్టు కొన్నవాడు కూడా ఏడాదిపాటు సభ్యుడే. ఎందరు మిగిలారన్నదాని కన్నా, మిగిలినవాళ్లు సంఘం చేత ఏంచేయించగలిగారన్నది చూడాలి.

చేయించగలిగిన దాఖలాలున్నాయి. దక్షిణాఫ్రికాలో బోనుల్లో పెంచిన సింహాలను కంచెల మధ్య వదిలి కాల్పించే వ్యాపారం మీద 2015లో ‘బ్లడ్ లయన్స్’ చిత్రం వచ్చింది. అదే ఏడాది జింబాబ్వేలో సెసిల్ అనే సింహం వేటగాడి చేతిలో చావడంతో ప్రపంచం అట్టుడికింది. ఆ నవంబరులో దక్షిణాఫ్రికా వృత్తి వేటగాళ్ల సంఘం బోను సింహాల వేటతో తెగతెంపులు చేసుకుంది. 2017లో సింహాల పెంపకందారుల ఒత్తిడితో మాట మార్చింది. పేరున్న వేటగాళ్లు బయటికొచ్చి వేరే సంఘం పెట్టుకున్నారు. 2018 మొదట్లో డల్లాస్ సఫారీ క్లబ్, వెనువెంటనే సఫారీ క్లబ్ ఇంటర్నేషనల్ ఆ వేటను తిరస్కరించాయి. సఫారీ క్లబ్ ఏం చేసిందో గమనించండి: బోను సింహాల వేట ప్రకటనలు పత్రికలో వేయబోమంది, సమావేశంలో అమ్మనివ్వబోమంది, రికార్డుల పుస్తకంలోకి ఎక్కించబోమంది. పత్రిక, ప్రదర్శన, పట్టిక. ఆ సంఘానికి ఉన్న అసలైన మూడు తాళంచెవులు అవే, సభ్యులు తిప్పించినవీ అవే. ఎల్క్ ఫౌండేషన్ కూడా ప్రభుత్వ భూములను రాష్ట్రాలకు బదలాయించి అమ్మేసే ప్రతిపాదనలను వ్యతిరేకించింది. జనం వేటకు వెళ్లేందుకు దారులు తెరవడాన్ని తన పనుల్లో ముందుకు తెచ్చింది. గైడు లేకుండా, అందరికీ తెరిచిన ప్రభుత్వ భూముల్లో వేటాడే రాండీ న్యూబర్గ్ కార్యక్రమం, కొట్టిన మాంసాన్ని వండుకు తినేదాకా చూపే స్టీవెన్ రినెల్లా ‘మీట్ ఈటర్’ జనాదరణ పొందాక, తెరమీద నిలబెట్టాల్సింది ఎవరినో సంఘాలకూ అర్థమైంది.

మన నేలమీద దీనికి సాటి వెతికితే నీలగిరిలో దొరుకుతుంది. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, కోస్తాంధ్ర, రాయలసీమ కూడా భాగంగా ఉన్న రోజుల్లో, 1877లో అక్కడి దొరలు వేట జంతువుల, చేపల రక్షణకని సంఘం పెట్టుకున్నారు. 1879లో దానికి తోడుగా చట్టం తెప్పించుకున్నారు. నిబంధనలు దొరల వేటను కాపాడటానికే పుట్టాయి, కొండజాతుల వేటను దొంగతనం చేశాయి. అందులో దాపరికం లేదు. వేట పూర్తిగా ఆగిపోయాక ఆ సంఘం వన్యప్రాణి, పర్యావరణ సంఘంగా పేరు మార్చుకుని బతికింది. ఇక్కడ చట్టం వేటనే తీసేసింది కనుక సభ్యుడు ఎవరి పక్షమన్న ప్రశ్న రాలేదు. అమెరికాలో వేట మిగిలింది, ప్రశ్నా మిగిలింది.

ఆ ప్రశ్న ఈమధ్య ఒక నిచ్చెన మీదకెక్కింది. వయోమింగ్‌లో చాలాచోట్ల ప్రభుత్వ, ప్రైవేటు భూములు చదరంగపు గళ్లలా ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. రెండు ప్రభుత్వ గళ్లు మూలకు మూల తాకుతాయి. 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు, ప్రైవేటు నేలమీద కాలు పడకుండా, మూలమీదుగా ఉక్కు నిచ్చెన వేసుకుని ఒక ప్రభుత్వ గడిలోంచి ఇంకో ప్రభుత్వ గడిలోకి దిగారు. గాలిలోనైనా సరే తన హద్దు దాటారంటూ భూస్వామి కంపెనీ కోర్టుకెక్కింది. 2022లో క్రిమినల్ కేసులో జ్యూరీ వాళ్లను నిర్దోషులుగా తేల్చింది. సివిల్ దావాలో 2025 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు వేటగాళ్ల పక్షాన తీర్పిచ్చింది. వాళ్ల వకీలు ఖర్చులకు లక్ష డాలర్లకు పైగా చందాలు పోగుచేసింది 2004లో ఆరెగన్‌లో నెగడు చుట్టూ కూర్చున్న కొద్దిమంది పెట్టుకున్న బ్యాక్‌కంట్రీ హంటర్స్ అండ్ యాంగ్లర్స్. ఆ సంఘం మీదా విమర్శలున్నాయి, పర్యావరణవాదుల ముసుగు అన్నవాళ్లున్నారు, 2023లో నాయకత్వ తగాదా కూడా నడిచింది. దానికీ ఒక పత్రిక ఉంది, ఏటా ఒక జాతర ఉంది. కానీ భూస్వామికీ మామూలు వేటగాడికీ కోర్టులో తగవు పడిన రోజున అది వేటగాడి వైపు నిలబడింది. సంఘాన్ని పత్రిక ముఖచిత్రాన్ని బట్టి కాక ఇలాంటి రోజున తేల్చుకోవాలని అమెరికా వేటగాళ్లలో ఒక తరం నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం సరైనదే.